సగటు లెక్కలు బాగున్నా మాటలు తెగిపోయిన మెష్ నెట్‌వర్క్: ఒక కేస్ స్టడీ

స్థలం ఒక పెద్ద కంటైనర్ యార్డ్. కేబుల్ లాగే వీలు లేదు కాబట్టి స్తంభాల మీద 14 నోడ్‌లతో (రేడియో పెట్టెలతో) వైర్‌లెస్ మెష్ వేశారు, అంటే ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు ప్యాకెట్లను అందించుకుంటూ పోయే నెట్‌వర్క్. నోడ్‌ల మధ్య లింక్‌లన్నీ 5 గిగాహెర్ట్జ్‌లో ఒకే ఛానెల్ మీద నడుస్తాయి. ప్రతి స్తంభం కింద ఒక ఐపీ ఫోన్ ఉంది, కొన్నిటికి కెమెరా కూడా. మెష్‌ను మిగతా నెట్‌వర్క్‌తో కలిపే గేట్‌వే ఒక్కటే, కార్యాలయం పైకప్పు మీద. రౌటింగ్‌కు, అంటే ప్యాకెట్ ఏ దారిన పోవాలో తేల్చడానికి, ఓఎల్ఎస్ఆర్ అనే పద్ధతి వాడారు, లింక్ నాణ్యతకు ఈటీఎక్స్ లెక్క (దాని సంగతి కింద). ఫోన్లు మాటను అంకెలుగా మార్చే జీ.711 కోడెక్‌తో, 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున పంపుతాయి.

ఫిర్యాదు చాలా స్పష్టంగా ఉంది. కాల్ బాగానే కలుస్తుంది, గొంతు శుభ్రంగా వినిపిస్తుంది, ఉన్నట్టుండి ఒకటి రెండు సెకన్లు మాట మాయమవుతుంది, మళ్లీ మామూలైపోతుంది. క్రేన్ ఆపరేటర్‌కు "ఎత్తకు" అని చెప్పే చోట ఆ రెండు సెకన్లు పోవడమంటే చిన్న విషయం కాదు. అక్కడి ఐటీ బృందం దగ్గరున్న గ్రాఫ్‌లు మాత్రం అంతా బాగుందంటున్నాయి. పింగ్ సరిగ్గా ఉంది. ఫోన్ సర్వర్ ఇచ్చే ఎంఓఎస్ స్కోరు (మాట నాణ్యతకు 5కు వేసే మార్కు) ప్రతి కాల్‌కూ 4 పైనే. అందుకే వాళ్లు బ్యాండ్‌విడ్త్ చాలట్లేదేమో అనుకుని కోడెక్ మారుద్దామన్నారు.

స్కోరు ఎందుకు బాగుంది

ముందు ఈ ముడి విప్పాలి, ఎందుకంటే కొలత మీద నమ్మకం లేకపోతే మరమ్మతు పని చేసిందో లేదో చెప్పలేం. ఫోన్ సర్వర్లు ఇచ్చే ఎంఓఎస్ మనిషి విని వేసిన మార్కు కాదు. ఐటీయూ-టీ జీ.107 ప్రమాణంలోని ఈ-మోడల్‌ ఆధారంగా, ఆలస్యం, ప్యాకెట్ నష్టం, కోడెక్ రకం లాంటి విలువలు వేసి లెక్కగట్టిన అంచనా.

మూడు నిమిషాల కాల్ తీసుకోండి. సెకనుకు 50 ప్యాకెట్లు, అంటే ఒక వైపు 9,000. నష్టం ఒక శాతం అనుకుంటే 90 ప్యాకెట్లు పోయాయి. ఆ 90 కాల్ అంతటా చెదురుమదురుగా పోతే ఫోన్‌లోని నష్టాన్ని కప్పిపుచ్చే పద్ధతి వాటిని పూడ్చేస్తుంది, వినేవాళ్లకు తెలియదు కూడా. ఈ-మోడల్ సూత్రంలో జీ.711కు ఆ పద్ధతి ఉందని, నష్టం యాదృచ్ఛికమని తీసుకుని ఒక శాతం వేస్తే ఆ మోడల్ ఇచ్చే మార్కు, అంటే ఆర్ విలువ, సుమారు 89 దగ్గర, ఎంఓఎస్ 4.3 దగ్గర తేలుతుంది. చాలా మంచి మార్కు. కానీ ఆ 90 ప్యాకెట్లూ ఒకేసారి పోతే? సరిగ్గా 1.8 సెకన్ల మాట పోయింది. అంటే ఒక వాక్యం మొత్తం పోయింది. సర్వర్ లెక్కలో రెండూ ఒకటే. నష్టం గుంపుగా పడిందా అన్న విలువ ప్రమాణంలో ఉన్నా, చాలా సర్వర్లు కాల్ మొత్తానికి ఒకే సగటు తీసుకుని వదిలేస్తాయి. సెకనుకు ఒకటి పంపే పింగ్‌కైతే ఆ సమయంలో ఒకటో రెండో జవాబులు రాకపోవడమే కనిపిస్తుంది, అది కూడా సగటులో కలిసిపోతుంది.

కాబట్టి సగటును పక్కన పెట్టి, గేట్‌వే వైపు మాటను మోసే ఆర్‌టీపీ ప్యాకెట్లను పట్టి, వరుస సంఖ్యల మధ్య ఖాళీలను అయిదు సెకన్ల ముక్కల్లో చూశాం. అప్పుడు అసలు రూపం బయటపడింది. చాలా ముక్కల్లో నష్టం దాదాపు సున్నా. అక్కడక్కడా ఒక ముక్కలో మాత్రం ప్యాకెట్లు వరసగా మాయం. మధ్యస్థంగా నష్టం ఉన్న ముక్కలు దాదాపు లేవు. బ్యాండ్‌విడ్త్ చాలని నెట్‌వర్క్ ఇలా ప్రవర్తించదు. అక్కడ ముందు ఆలస్యం పెరుగుతుంది, జిట్టర్ (ఆలస్యంలో హెచ్చుతగ్గులు) పెరుగుతుంది, ఆ తర్వాత నష్టం మొదలవుతుంది. ఇక్కడ ఏ ముందస్తు సూచనా లేకుండా మాట పోతోంది.

టీటీఎల్ చెప్పిన సాక్ష్యం

ఈ కేసులో మాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ప్యాకెట్ హెడర్‌లోని టీటీఎల్ అంకె, అంటే ఆ ప్యాకెట్ ఇంకా ఎన్ని నోడ్‌లు దాటవచ్చో చెప్పే అంకె. చాలామంది దాన్ని చూడరు. ఫోన్ ప్యాకెట్‌ను 64తో పంపిస్తే ప్రతి నోడ్ దగ్గరా ఒకటి తగ్గుతుంది. మూడు నోడ్‌లు దాటి వస్తే 61. ఓఎల్ఎస్ఆర్ ఐపీ స్థాయిలో పని చేస్తుంది కాబట్టి ఈ ఆధారం మనకు ఉచితంగా దొరుకుతుంది. బ్యాట్‌మ్యాన్-అడ్వాన్స్‌డ్, 802.11ఎస్ లాంటి, ఐపీ కింద ఉండే రెండో పొర మెష్‌లలో ఐపీ టీటీఎల్ మారదు, వాటి సొంత హెడర్‌లో చూడాల్సి వస్తుంది.

కాల్ పొడవునా టీటీఎల్‌ను గ్రాఫ్‌గా గీస్తే, మాట పోయిన ప్రతి చోటా దారి మారినట్టు కనిపించింది. 62 కాస్తా 61 అవుతుంది, లేదా 61 తిరిగి 62 అవుతుంది. ఆ మార్పుకు సరిగ్గా మధ్యలోనే ఖాళీ. ఇంకో విషయం: ఖాళీ ముగిసే చోట ఒకటి రెండు ప్యాకెట్లు 40లలో, 30లలో టీటీఎల్‌తో వచ్చాయి. 14 నోడ్‌ల నెట్‌వర్క్‌లో ఏ ప్యాకెట్టూ 25 గంతులు వేయాల్సిన అవసరం లేదు. అవి రెండు నోడ్‌ల మధ్య అటూ ఇటూ తిరిగి, దారి సరిపడగానే తప్పించుకుని వచ్చినవి. మిగతావి టీటీఎల్ అయిపోయి చచ్చిపోయాయి. "టైమ్ ఎక్సీడెడ్" అనే ఐసీఎంపీ సందేశాలు కూడా అదే సమయంలో కనిపించడంతో అనుమానం తీరిపోయింది. రౌటింగ్ లూప్.

లూప్ ఎలా పుట్టిందో చెప్పాలంటే పక్కపక్క వరసల్లో ఉన్న రెండు నోడ్‌లను చూడాలి. వాటిని 'అ', 'ఆ' అందాం. రెండిటికీ గేట్‌వే దగ్గరున్న 'ఇ' నోడ్ వైపు పొడవాటి, బలహీనమైన లింక్ ఉంది. మధ్యలో కంటైనర్ల దొంతర పెరిగితే రెండు లింక్‌లూ ఒకేసారి దెబ్బతింటాయి. 'అ' తన లింక్ పాడైందని గుర్తించి "ఆ ద్వారా పోదాం" అనుకుంటుంది. అదే సమయంలో 'ఆ' కూడా తన లింక్ పాడైందని చూసి "అ ద్వారా పోదాం" అనుకుంటుంది. అవతలి నోడ్ పరిస్థితి మారిన వార్త టీసీ సందేశంలో, అంటే నోడ్‌లు తమ లింక్‌ల స్థితిని నెట్‌వర్క్ అంతటికీ చాటే సందేశంలో, రావాలి. ఓఎల్ఎస్ఆర్ ప్రమాణం, అంటే 2003 నాటి ఆర్ఎఫ్‌సీ 3626, టీసీకి ఇచ్చిన విరామం 5 సెకన్లు. అది వచ్చేదాకా ప్యాకెట్ వాటి మధ్యే తిరుగుతుంది. టీసీ కూడా బ్రాడ్‌కాస్ట్‌గా, అంటే అందరికీ ఒకేసారి వెళ్తుంది, గాలిలో పోతే ఆ ఫ్రేమ్‌ను మళ్లీ పంపేవాళ్లు ఉండరు.

లూప్ వల్ల నష్టం ఆ ఒక్క కాల్‌తో ఆగదు. సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కొక్కటి 60 సార్లు అటూ ఇటూ వెళ్తే సెకనుకు 3,000 ప్రసారాలు. కింద చూపించే లెక్క ప్రకారం మంచి లింక్ మీద కూడా ఒక్కో ప్రసారం సుమారు 148 మైక్రోసెకన్ల గాలిని, అంటే ఛానెల్ సమయాన్ని, తింటుంది. మొత్తం 444 మిల్లీసెకన్లు. ఒకే ఒక్క కాల్, ఒకే దిశలో, ఛానెల్‌లో దాదాపు సగాన్ని మింగేస్తుంది. అందులో కెమెరా వీడియో కూడా చిక్కుకుంటే చుట్టుపక్కల కాల్స్ కూడా దెబ్బతింటాయి. "ఎవరో ఒకరి ఫోన్ పోతే అందరివీ పోతున్నాయి" అని ఆపరేటర్లు చెప్పిన మాటకు అర్థం ఇక్కడ దొరికింది.

ఈటీఎక్స్ ఆ లింక్‌ను ఎందుకు ఇష్టపడింది

లూప్ లక్షణం. జబ్బు ఏమిటంటే, అంత బలహీనమైన లింక్ మీదికి దారి అసలు ఎందుకు వెళ్లింది?

ఈటీఎక్స్ అంటే ఒక ప్యాకెట్ అవతలికి చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాలి అన్న అంచనా. వెళ్లే దిశలో చేరే నిష్పత్తిని, వచ్చే దిశలో చేరే నిష్పత్తిని గుణించి, 1ని దానితో భాగిస్తారు. రెండు దిశల్లో 0.75 ఉంటే 1.78 వస్తుంది. పక్క నోడ్ ద్వారా రెండు శుభ్రమైన గంతులు వేస్తే 1 + 1 = 2. ఈటీఎక్స్ దృష్టిలో 1.78 చిన్నది కాబట్టి నేరుగా వెళ్లే దారే గెలుస్తుంది.

ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఈ నిష్పత్తిని కొలిచేది పొరుగు నోడ్‌లు ఒకదానికొకటి తరచూ పంపుకునే హలో సందేశాలతో. అవి చిన్నవి, పైగా బ్రాడ్‌కాస్ట్. 5 గిగాహెర్ట్జ్‌లో బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్‌లు మామూలుగా కనిష్ఠ వేగంతో, అంటే సెకనుకు 6 మెగాబిట్లతో వెళ్తాయి. ప్రమాణం ప్రకారం ఆ వేగాన్ని రేడియో మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) దాకా అందుకోగలగాలి. 54 మెగాబిట్లకు మైనస్ 65 కావాలి. మధ్యలో 17 డెసిబెల్స్ తేడా. హలో వినిపించే దూరం వేరు, మాట సాఫీగా నడిచే దూరం వేరు. ఈ రెండిటి నడుమ ఉన్న లింక్‌లే మెష్‌లలో ఎక్కువ గోల తెస్తాయని నా అనుభవం.

రెండోది, ఈటీఎక్స్ ప్రయత్నాలను లెక్కపెడుతుంది గానీ ఒక్కో ప్రయత్నం ఎంతసేపు పట్టిందో చూడదు. ఒక జీ.711 ప్యాకెట్‌లో 160 బైట్ల మాట, 40 బైట్ల ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు, ఆపైన వైఫై సొంత హెడర్లు ఉంటాయి. మొత్తం సుమారు 240 బైట్లు అనుకుందాం. 54 మెగాబిట్ల దగ్గర, ముందు వచ్చే ప్రీయాంబుల్ సంకేతంతో కలిపి ఫ్రేమ్‌కు 56 మైక్రోసెకన్లు. దాని ముందు ఆగే సమయం, బ్యాకాఫ్ (ఢీకొనకుండా యాదృచ్ఛికంగా ఆగే సమయం), ఆ తర్వాత వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ (చేరిందన్న జవాబు), అన్నీ కలిపితే 148. అదే ఫ్రేమ్ 6 మెగాబిట్ల దగ్గర దాదాపు 450. బలహీన లింక్ మీద 1.78 ప్రయత్నాలు పడితే 800 మైక్రోసెకన్లు. రెండు శుభ్రమైన గంతులకు 296. అంటే ఈటీఎక్స్ ఎంచుకున్న "దగ్గరి" దారి రెండున్నర రెట్లకు పైగా గాలిని తింటోంది. ఈ లోపాన్ని సరిచేయడానికే, పట్టే సమయాన్ని లెక్కగట్టే ఈటీటీ లాంటి కొలమానాలు వచ్చాయి. 802.11ఎస్‌లో ఉన్న ఎయిర్‌టైమ్ కొలమానం కూడా ఇదే ఆలోచన మీద నడుస్తుంది, 8,192 బిట్ల పరీక్ష ఫ్రేమ్‌ను ఆ లింక్ వేగంతో పంపితే ఎంతసేపు పడుతుందో చూస్తుంది.

ఇక దారి ఊగిసలాట. చేరే నిష్పత్తి 0.75 దగ్గర ఈటీఎక్స్ 1.78, 0.70 దగ్గర 2.04. ఆ చిన్న తేడాలోనే గీత దాటిపోతుంది. ఉదాహరణకు చివరి 20 హలోల మీద లెక్కగడుతుంటే, ప్రతి దిశలో ఒక్క హలో అటూ ఇటూ అయితే చాలు, దారి మారిపోతుంది. ఓ లారీ అడ్డం వచ్చి వెళ్లినా మారుతుంది. నా అభిప్రాయంలో వాయిస్‌కు దారి పొడవు కంటే దారి నిలకడ ముఖ్యం. ఒక గంతు ఎక్కువైతే పెరిగే ఆలస్యం ఇలాంటి మెష్‌లో కొద్ది మిల్లీసెకన్లు. ఐటీయూ-టీ జీ.114 ఒక వైపు ఆలస్యానికి ఇచ్చిన 150 మిల్లీసెకన్ల పరిధిలో అది లెక్కలోకే రాదు. దారి మారిన ప్రతిసారీ వచ్చే గండి మాత్రం వినేవాళ్లకు నేరుగా తగులుతుంది.

కోడెక్ ఎందుకు మార్చలేదు

జీ.729కి మారితే మాట 160 బైట్ల నుంచి 20 బైట్లకు పడిపోతుంది, ఎనిమిదో వంతు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ గాలి లెక్కలో 148 మైక్రోసెకన్లు 128కి తగ్గుతాయి, అంతే. ఖర్చంతా ప్రీయాంబుల్‌లో, ఎదురుచూపులో, అక్నాలెడ్జ్‌మెంట్‌లో ఉంది, మాటలో లేదు. పైగా జీ.729 వాడగానే ఈ-మోడల్‌లో 10 పాయింట్లు ముందే పోతాయి. వైఫై మీద గాలి పొదుపు చేయాలంటే ప్యాకెట్ల సంఖ్య తగ్గించాలి. జీ.711నే 40 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్‌గా పంపితే ఒక్కోటి 171 మైక్రోసెకన్లు తింటుంది గానీ రెండింతల మాట మోస్తుంది. అయినా ఇక్కడ అది కూడా చేయలేదు. నాలుగు గంతుల కాల్‌కు రెండు దిశల్లో కలిపి సెకనుకు 400 ప్రసారాలు, అంటే ఛానెల్‌లో 6 శాతం. ఒకేసారి నడిచే కాల్స్ తక్కువైన ఈ యార్డ్‌కు అది భారం కాదు. ప్యాకెట్ పెద్దదైతే ఒక్కటి పోయినప్పుడు పడే గండి కూడా పెద్దదే.

చేసిన మార్పులు

ముందుగా కొన్ని మూల నోడ్‌ల ఎంటెన్నాలను కంటైనర్ దొంతరల గరిష్ఠ ఎత్తుకు పైకి లేపించాం. దీన్ని ముందు చేయడానికి కారణం ఉంది. ఆ తర్వాతి మార్పు బలహీన లింక్‌లను నెట్‌వర్క్ కంటికి కనిపించకుండా చేస్తుంది, అప్పుడు ఏ నోడ్ అయినా ఒంటరిగా మిగిలితే మొత్తం తెగిపోతుంది.

ఆ మార్పు ఏమిటంటే మల్టీకాస్ట్ వేగాన్ని, అంటే హలోల్లాంటి బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్‌లు వెళ్లే వేగాన్ని, 6 నుంచి 24 మెగాబిట్లకు పెంచడం. లైనక్స్ నోడ్‌లలో 'ఎంకాస్ట్ రేట్' అనే ఒక్క అమరికతో అయిపోతుంది. హలో 24 దగ్గర చేరాలంటే సిగ్నల్ మైనస్ 74 డీబీఎం దరిదాపుల్లోనైనా ఉండాలి. దాంతో 6 మెగాబిట్ల దగ్గర మాత్రమే బతికే లింక్‌లు రౌటింగ్ పట్టికలోంచి వాటంతట అవే రాలిపోయాయి. రౌటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోకుండానే ఈటీఎక్స్ కొలత మాట అనుభవించే స్థితికి దగ్గరైంది. ఈ కేసులో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. హలో, టీసీలు తినే గాలి కూడా తగ్గింది, అది అదనపు లాభం.

అయినా రెండు అడ్డ లింక్‌లు గీత మీద ఊగుతూనే ఉన్నాయి. వాటికి ఓఎల్ఎస్ఆర్‌ను నడిపే ఓఎల్ఎస్ఆర్‌డీ సాఫ్ట్‌వేర్‌లోని 'లింక్ క్వాలిటీ మల్ట్' అమరికతో విలువను సగానికి దించాం. వేరే దారి ఉన్నంతసేపు వాటి జోలికి పోదు, అన్నీ పోయినప్పుడు మాత్రం వాడుకుంటుంది. హలో విరామాన్ని 2 సెకన్ల నుంచి అర సెకనుకు తగ్గిస్తే లూప్ త్వరగా తీరుతుందన్న సూచన కూడా వచ్చింది. ఒప్పుకోలేదు. చేరే నిష్పత్తిని తక్కువ కాలంలో కొలిస్తే అది ఇంకా ఎక్కువగా ఊగుతుంది, దారి ఇంకా తరచూ మారుతుంది. నోడ్ నిజంగా చచ్చిపోతే కనుక్కోవడానికి ఆరు సెకన్లు పడుతుంది, నిజమే. అది అరుదు. ఊగిసలాట రోజూ జరిగేది.

తర్వాతది క్యూల సంగతి, ఇది రౌటింగ్‌తో సంబంధం లేని వేరే సమస్య. ఫోన్లు తమ ప్యాకెట్లకు డీఎస్‌సీపీ (ప్రాధాన్యం చెప్పే ఆరు బిట్ల అంకె) 46, అంటే ఈఎఫ్ గుర్తు వేస్తున్నాయి. కెమెరాలు 34, అంటే ఏఎఫ్41. కాగితం మీద సరిగ్గానే ఉంది. కానీ ఈ నోడ్‌లలోని వైఫై సాఫ్ట్‌వేర్ ఆ ఆరు బిట్లలో మొదటి మూడింటినే చూస్తుంది. 46లో మొదటి మూడు బిట్ల విలువ 5, 34లో 4. వైఫైలో 4, 5 రెండూ వీడియో క్యూలోకే పోతాయి. వాయిస్ క్యూకు 6 లేదా 7 కావాలి. అంటే ఇన్నాళ్లూ మాట కెమెరా ఫ్రేమ్‌ల వెనకే వరసలో నిలబడింది, వాయిస్ క్యూ ఖాళీగా ఉంది. ఈ పొంతన లేమిని సరిచేయడానికే 2018లో ఆర్ఎఫ్‌సీ 8325 వచ్చింది, ఈఎఫ్‌ను 6కు కలపమని చెబుతుంది. ఇక్కడ మ్యాపింగ్ మార్చే వీలు లేక, మెష్‌లోకి వచ్చే చోట ఆర్‌టీపీకి మొదటి మూడు బిట్ల విలువ 6 అయ్యే సీఎస్6 గుర్తు వేసి, గేట్‌వే దగ్గర తిరిగి ఈఎఫ్ చేశాం. లూప్‌లు పోయాక కూడా మిగిలిన జిట్టర్ దీంతో తగ్గింది, ముఖ్యంగా కెమెరా పూర్తి ఫ్రేమ్ పంపే క్షణాల్లో.

వాయిస్ క్యూ గురించి ఒక హెచ్చరిక. దాని బ్యాకాఫ్ కిటికీ 3 నుంచి 7 దాకానే. మామూలు డేటాకైతే 15 నుంచి 1,023 దాకా. తొందరగా అవకాశం దొరుకుతుంది, కానీ ఎక్కువ నోడ్‌లు ఒకేసారి ఆ క్యూలోంచి పంపితే ఢీకొనడమూ ఎక్కువే. అందుకే ఆర్‌టీపీ తప్ప ఇంకేదీ అందులోకి రాకుండా కట్టడి చేశాం. కెమెరా బిట్‌రేట్లకు పరిమితి పెట్టించాం. ఛానెల్‌ను రాడార్ నియమం వర్తించని దానికి మార్చాం. రాడార్ పసిగట్టినప్పుడు ఛానెల్ ఖాళీ చేసి, ఆ నియమం వర్తించే కొత్త (డీఎఫ్ఎస్) ఛానెల్‌ను 60 సెకన్లు విని గానీ మొదలుపెట్టకూడదు. కాల్స్ నడిచే చోట అది కుదరదు.

ఇప్పుడు ఎలా ఉంది

అయిదు సెకన్ల ముక్కల గ్రాఫ్‌లో గుంపు నష్టాలు కనిపించడం లేదు. టీటీఎల్ గీత కాల్ పొడవునా దాదాపు నేరుగా ఉంటోంది. విచిత్రం కాదు గానీ గుర్తుంచుకోవాల్సిన విషయం: సగటు ఎంఓఎస్ పెద్దగా మారలేదు. ముందు కూడా 4 పైనే, ఇప్పుడూ 4 పైనే. మార్పు కనిపించింది ఆపరేటర్ల ఫిర్యాదుల్లో, ఖాళీల పొడవులో. అందుకే వాళ్ల డాష్‌బోర్డ్‌లో సగటు స్కోరు స్థానంలో "కాల్‌లో అతి పొడవైన ఖాళీ" అన్న అంకెను పెట్టించాం. 200 మిల్లీసెకన్లు దాటితే అలారం.

లూప్ వచ్చే అవకాశం పూర్తిగా పోలేదు, తగ్గింది. ఓఎల్ఎస్ఆర్ లాంటి లింక్-స్టేట్ పద్ధతిలో నోడ్‌ల దగ్గరున్న నెట్‌వర్క్ చిత్రాలు కాసేపు వేర్వేరుగా ఉండడం సహజం. 2021 నాటి ఆర్ఎఫ్‌సీ 8966లో ఉన్న బేబెల్ అనే రౌటింగ్ పద్ధతి దీన్ని వేరేలా చూస్తుంది. తన దారి దూరం కంటే కచ్చితంగా దగ్గరగా ఉన్నట్టు ప్రకటించిన పొరుగు నోడ్‌నే తీసుకోవాలన్న షరతు పెట్టి లూప్‌ను మొదట్లోనే అడ్డుకుంటుంది. దారి మార్చే ముందు కొంత ఆగి చూసే పద్ధతిని కూడా ప్రోత్సహిస్తుంది. యార్డ్ రెండో భాగానికి మెష్ విస్తరించేటప్పుడు దానికి మారాలని సిఫారసు చేశాం. ఉన్నదాన్ని మాత్రం పని చేస్తున్నంతకాలం కదిలించవద్దన్నాం.

తేలనిది ఒకటి మిగిలింది. మధ్య వరసలోని రెండు నోడ్‌లకు దొంతరలు నిండుగా ఉన్నప్పుడు గేట్‌వే వైపు ఒక్క దారే మిగులుతోంది. అక్కడ ఇంకో స్తంభం కావాలి. క్రేన్ తిరిగే పరిధిలో పడకుండా దానికి చోటు వెతుకుతున్నారు.